పన్నెండో నంబరు రేకు

నేను ఒక ఫిల్లర్ గేజిని. మెకానిక్ షెడ్డు గుమ్మం తొక్కనివాళ్లకు నా పేరు కొత్తగా ఉంటుంది కాబట్టి ముందు నా ఆకారం చెబుతాను. చాకులా మడిచే ఒక ఉక్కు పిడి, దానిలో ఒకే మేకుకు గుచ్చిన పదమూడు ఉక్కు రేకులు. విప్పితే విసనకర్రలా విచ్చుకుంటాను. ఒక్కో రేకుది ఒక్కో మందం. ఎంత మందమో దాని మొదట్లో అంకె కొట్టి ఉంటుంది. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్కను షెడ్డులో థౌ అంటారు. నాలో అన్నిటికన్నా పలచటి రేకు రెండు థౌలు, ఇంచుమించు మీ తలవెంట్రుకంత. అన్నిటికన్నా మందమైనది ఇరవై అయిదు.

నా వృత్తి అనుమానించడం. రెండు ఇనుప ముక్కల మధ్య ఇంత సందు ఉందని మనిషి అంటాడు. నేను నమ్మను. స్వయంగా దూరి చూస్తాను. సందు తక్కువైతే అది నన్ను రానివ్వదు, ఎక్కువైతే నన్ను లెక్కచేయదు, సరిగ్గా ఉంటే పట్టీ పట్టనట్టు పట్టి వదులుతుంది. ఆ పట్టును వేళ్లతో గుర్తుపట్టడంలోనే మెకానిక్ పనితనమంతా ఉంది. ఏళ్ల తరబడి ఇదే పని చేసి చేసి నాకు మనుషుల మధ్య కూడా సందులే కనిపిస్తాయి. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఇప్పుడెందుకు నవ్వాడా అని ఆలోచిస్తాను. ఇది మంచి బుద్ధి అని చెప్పను. నన్ను తయారుచేసిందే ఇందుకు.

నేను పుట్టింది సముద్రాలకు అవతల ఒక చలి ఊళ్లో. అక్కడి కార్ఖానాలో చివరి బల్ల దగ్గర లావుపాటి కళ్లజోడు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చునేవాడు. తయారైన ప్రతి రేకునూ మళ్లీ కొలవడం ఆయన పని. నా పదమూడు రేకుల్నీ ఒక్కొక్కటే కొలిచి, ఒకదాన్ని పక్కన పడేసి, దాని బదులు ఇంకొకటి గుచ్చి, అప్పుడుగాని నన్ను డబ్బాలో పెట్టలేదు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. అనుమానించడానికి పుట్టినదాన్ని, నన్నే అనుమానిస్తాడా అనుకున్నాను. ఆ తరవాత యాభై ఏళ్లు నన్ను ఎవరూ కొలవలేదు. ఇక్కడ నేను చెప్పబోయేదంతా దానివల్ల వచ్చిందే.

నన్ను కొన్నవాడు శామ్యూల్ మేస్త్రి. సరుకుల ఓడలో ఫిట్టరుగా తిరుగుతూ ఏదో రేవులో నన్ను కొని చొక్కా జేబులో వేసుకున్నాడు. సముద్రం మీద విసుగెత్తాక విశాఖపట్నంలో దిగి, అల్లిపురంలో ఒక షెడ్డు వేసి కార్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. నాకంటే అనుమానం మనిషి. తను బిగించిన నట్టును తనే నమ్మేవాడు కాదు. సందు సరిచూసి నట్టు బిగించాక మళ్లీ నన్ను దూర్చి చూసేవాడు, ఎందుకంటే నట్టు బిగిసేటప్పుడు లోపలి స్క్రూను కూడా కాస్త తిప్పేస్తుంది. ఆయన జేబులో నేను సుఖంగా ఉన్నాను.

ఇక్కడ ఇంజన్ సంగతి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతా కథ మీకు అందదు. ఇంజన్‌కు వాల్వులుంటాయి. కొన్ని తెరుచుకుని గాలినీ పెట్రోలునూ లోపలికి తీసుకుంటాయి, కొన్ని తెరుచుకుని పొగను బయటికి వదులుతాయి, మిగతా సమయమంతా గట్టిగా మూసుకుని ఉండాలి. ఒక్కోదాని నెత్తిన రాకర్ అనే చిన్న సుత్తి లాంటిది ఉండి, వేళకు నొక్కి తెరుస్తుంది. వాల్వు మూసుకున్నప్పుడు ఆ సుత్తికీ దానికీ మధ్య కాస్త సందు ఉండాలి. ఇంజన్ కాగితే ఇనుము సాగుతుంది, సాగడానికి చోటు కావాలి. ఆ చోటు ఎక్కువైతే టకటకమని చప్పుడు. తక్కువైతే చప్పుడే ఉండదు, వినడానికి హాయిగా ఉంటుంది. కానీ కాగాక వాల్వు పూర్తిగా మూసుకోదు. మిగిలిన సన్నటి సందులోంచి మంట వచ్చి దాని అంచును కాల్చేస్తుంది. అది కూడా ఇంటి ముందు జరగదు. ఘాట్ రోడ్డు మీద, బండి మూలుగుతూ ఎక్కుతున్నప్పుడు జరుగుతుంది.

మనుషులకేమో చప్పుడంటే పడదు. బండి తెచ్చిన ప్రతివాడూ ఆ టకటక పోవాలంటాడు. చప్పుడు పోతే రోగం పోయిందనుకుంటాడు. కొందరు మెకానిక్‌లు వాళ్ల ముచ్చట తీర్చడానికి సందు బిగించేసి పంపుతారు. శామ్యూల్ మేస్త్రి అలాంటివాళ్లను షెడ్డు గుమ్మంలోంచే తిట్టి పంపేవాడు. ఆ టకటకలాడేవాటిని షెడ్డులో టాపెట్లు అంటారు.

"టాపెట్లు మాటాడుతున్నంతసేపూ నువ్వు నిశ్చింతగా ఇంటికెళ్లి అన్నం తినొచ్చురా. అవి నోరు మూసుకున్న రోజున మాత్రం పరిగెత్తుకొచ్చి చూడు," అని పైడిరాజుకు చెప్పేవాడు.

పైడిరాజు విజయనగరం వైపు మనిషి. పెళ్లయిన ఏడాదికి మేస్త్రి దగ్గర పనిలో చేరాడు. అతని చెవిని చూసి మేస్త్రే ఆశ్చర్యపోయాడు. నడుస్తున్న ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "మూడోది రెండు థౌలు వదులున్నాది," అనేవాడు. మేస్త్రి నమ్మడు కదా, బండి చల్లారాక నన్ను దూర్చి చూసేవాడు. మూడోది సరిగ్గా రెండు థౌలు వదులే. మేస్త్రి పోయేముందు నన్నూ షెడ్డునూ పైడిరాజుకే అప్పజెప్పాడు. ఇటు అనకాపల్లి నుంచీ అటు విజయనగరం నుంచీ బండ్లు వచ్చేవి. ఊరంతా అతన్ని చెవి పైడిరాజు అని పిలవడం మొదలుపెట్టింది.

అంతటి చెవి ఉన్నవాడికి నాతో పనేముంటుంది? నేను సొరుగులో పడ్డాను. కోపంగా ఉండేది. కొలవకుండా నమ్మేవాడు ఎప్పటికైనా దెబ్బ తింటాడని ఆ చీకట్లో కూర్చుని ఎదురుచూశాను. నా బుద్ధి అంత గొప్పది.

ఆ రోజుల్లో నన్ను పలకరించినవాడు నూకరాజు ఒక్కడే. పైడిరాజు బావమరిది, షెడ్డులో కరెంటు పనులు చూస్తాడు. చేతికి ఏది దొరికితే దానితో పని కానిచ్చే మనిషి. ఇంజన్ స్పార్కు ప్లగ్గుల మీద గట్టిపడిన మసి గీకాలంటే సొరుగు లాగి నన్ను తీసేవాడు, పన్నెండో నంబరు రేకు విప్పేవాడు. అది మరీ పలచన కాదు, మరీ మందం కాదు, గీకడానికి వీలుగా ఉంటుంది. గీకాక దాని కొసకు మసి అంటుకునేది. అది చూస్తే బావ తిడతాడని, ఎమ్రీ అనే గరుకు కాగితంతో కొసను శుభ్రంగా తోమి, ఏమీ ఎరగనట్టు సొరుగులో పెట్టేసేవాడు. ఇలా వారానికి రెండుసార్లు, పది పన్నెండేళ్లు. నాకు మాత్రం తోమించుకోవడం బాగుండేది. మిగతా రేకులన్నీ నల్లబడుతుంటే ఆ ఒక్కదాని కొస కొత్త గరిటెలా మెరిసేది. ఆ మెరుపు చూసుకుని మురిసిపోయేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక ఉదయం పైడిరాజు సొరుగు లాగి నన్ను బయటికి తీశాడు. తుడిచి, నూనె రాసి, బండి దగ్గరికి తీసుకెళ్లాడు. నేను సంతోషించాల్సింది. వెంటనే అనుమానం వచ్చింది. ఇన్నేళ్లకు నాతో ఏం పని? అమ్మేస్తున్నాడా? ఎవరికైనా చూపించడానికా?

అప్పటినుంచి అతన్ని కనిపెడుతూ వచ్చాను. పాతరోజుల్లో ఒక్కసారి వింటే చాలనుకునేవాడు ఇప్పుడు ప్రతి వాల్వు దగ్గరా నన్ను మూడేసిసార్లు దూర్చి లాగుతున్నాడు. కళ్లు మూసుకుని నా పట్టును వేళ్లతో వెతుక్కుంటున్నాడు. షెడ్డులో రేడియో స్టేషను తప్పి బుస్సుమంటూ ఉంటే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాని పక్కనే కూర్చుని పనిచేశాడు, చెయ్యి చాపి ఆపలేదు. ఒకరోజు షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని స్క్రూడ్రైవర్ పిడిని చెవికి బదులు పళ్ల మధ్య కరుచుకున్నాడు. మొన ఇంజన్ మీద ఆనించి, కళ్లు మూసుకుని అలాగే వంగి ఉండిపోయాడు. మనిషికి మతి చలించిందేమో అనుకున్నాను.

నూకరాజు సంగతి మరీ అన్యాయంగా కనిపించింది. బండి వచ్చిందంటే చాలు, బావ పక్కకు చేరిపోయేవాడు. బండిమనిషి ఏదైనా అడిగితే తనే జవాబు చెప్పేవాడు. తరవాత బావ ముఖంలోకి ముఖం పెట్టి, "క్లచ్చి జారతందంట బావా, క్లచ్చి!" అని అరిచేవాడు. పెద్ద మేస్త్రిని పక్కకు నెట్టి వచ్చినవాళ్లందరినీ తనవైపు తిప్పుకుంటున్నాడని నాకు రూఢి అయిపోయింది. బావమరిదికి షెడ్డు మీద కన్ను పడింది, బావకు మతి పోయింది, మధ్యలో నేనొక్కదాన్నే తెలివిగలదాన్ని అనుకుంటూ రెండేళ్లు గడిపాను.

ఈ జనవరి నెలాఖరులో ఇందుమతి మేడమ్ బండి వచ్చింది. ఆవిడ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన నెలలోనే వాల్తేరులో ఒక బంగళా వెనక కోళ్లు గుడ్లు పెడుతున్న పాత కారును కొన్నారు. ఎర్రటి రంగు, రెండే సీట్లు, బట్ట టాపు, నేల మీద పాకుతున్నట్టు ఉండే పందెపు జాతి బండి. అరవై ఏళ్లది. బంధువులంతా నవ్వారు. ఆవిడ కోళ్లను తోలి, దాన్ని పైడిరాజు చేత బాగుచేయించి, ఆరేళ్లుగా ప్రతి ఆదివారం బీచి రోడ్డు మీద భీమిలి దాకా నడుపుతున్నారు. ఆ ఇంజన్ నాకు పాత పరిచయమే. బంగళావాళ్ల రోజుల్లో శామ్యూల్ మేస్త్రి దాన్ని నాతోనే సరిచేసేవాడు. దాని ఎనిమిది వాల్వులకూ చల్లగా ఉన్నప్పుడు పన్నెండు థౌల సందు ఉండాలి. ఈ రెండేళ్లలో పన్నెండో రేకుతో వాల్వులు చూడాల్సి రావడం ఇదే మొదటిసారి.

ఆ ఆదివారం పాత కార్లవాళ్లంతా కలిసి అరకు వెళ్తున్నారు. అనంతగిరి ఘాట్ ఎక్కి కాఫీ తోటల దాకా. ఈ బండిని వెనక్కి లారీ మీద ఎక్కించి తేవాల్సిందే అని వాళ్లలో కొందరు ముందే పందేలు కాసుకున్నారట. ఇందుమతి మేడమ్‌కు ఆ సంగతి తెలుసు. పైడిరాజుకూ తెలుసు. ఆ బండి అతని చేతిదని అందరికీ తెలుసు. అది ఘాట్ మీద ఆగితే ఆవిడ ఒక్కరే కాదు, చెవి పైడిరాజు పేరు కూడా అక్కడే ఆగిపోతుంది.

శుక్రవారం పొద్దున్న, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండగా, పైడిరాజు రాకర్ కవర్ విప్పాడు. పైన రాకర్లు ఎనిమిదీ వరసగా కనిపించాయి. ఈ పనికి శామ్యూల్ మేస్త్రి నేర్పిన తొమ్మిది లెక్క ఉంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని చూడాలి, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోదాన్ని, రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిది రావాలి. నూకరాజు బండిని గేరులో వేసి అంగుళం అంగుళం నెడుతుంటే, పైడిరాజు లెక్క ప్రకారం ఒక్కో రాకర్ కిందా నా పన్నెండో రేకు దూర్చి, స్క్రూ తిప్పి, నట్టు బిగించి, మళ్లీ దూర్చి చూశాడు. అతని వేళ్లు అంత ఒద్దికగా పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు.

వెనక నిలబడి చూస్తున్న ఇందుమతి మేడమ్, "ఘాట్ మీద రెండో గేరు చాలంటారా?" అని అడిగారు. పైడిరాజు పలకలేదు. నూకరాజు గబగబా, "సాలు మేడమ్, రెండో గేరులో మేకలాగ ఎక్కిపోద్ది," అన్నాడు. ఆవిడ పైడిరాజు వీపు వైపు కాసేపు చూశారు. ముప్ఫై ఏళ్లు తరగతి గదిలో వీపులూ ముఖాలూ చదివిన మనిషి. ఆవిడ కూడా ఏదో అనుమానించారని నాకు అర్థమైంది. అనుమానం విషయంలో నా కళ్లు మోసపోవు.

పని అయ్యాక ఇంజన్ స్టార్టు చేశారు. పిల్లి కూర్చున్నంత మెత్తగా నడిచింది. ఒక్క టక్ అనే చప్పుడు లేదు. నూకరాజు చప్పట్లు కొట్టాడు. పైడిరాజు కవర్ మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తల ఊపాడు. నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఇది నా కొలత, చెవిది కాదు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బండి మళ్లీ షెడ్డు ముందు ఆగింది. ఇందుమతి మేడమ్ డ్రైవరు సీటులోంచి దిగారు, చేతిలో చిన్న చెక్కపెట్టె. పాత కార్లవాళ్ల సంఘం పెద్దమనిషి ఒకాయన, పెద్ద మీసాలాయన, తన బండి చూపించుకోవడానికి అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఇందుమతి మేడమ్ పైడిరాజుకు ఎదురుగా వచ్చి నిలబడి, ముఖంలోకి చూస్తూ నిదానంగా మాట్లాడారు. "పైడిరాజు గారూ, బండి చాలా బాగా నడుస్తోంది. అదే నాకు నచ్చలేదు."

"అదేటి మేడమ్!" అన్నాడు నూకరాజు. "సప్పుడు నేకుండా సేసినందుకు సంతోషపడాల గానీ."

"ఆరేళ్లుగా ఈ బండి దారిపొడుగునా నాతో కబుర్లు చెబుతూనే ఉంది నూకరాజూ. నిన్న భీమిలి దాకా వెళ్లొచ్చాను, ఒక్క ముక్క మాట్లాడలేదు. నామీద అలిగిందా, లేకపోతే దాని నోరు ఎవరైనా నొక్కారా?" అని, ఆవిడ పైడిరాజు వైపు తిరిగి, "ఏ రేకుతో చూశారో ఒకసారి ఇస్తారా?" అన్నారు.

పైడిరాజు ఆవిడ పెదవుల్నే చూస్తూ నన్ను జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ చెక్కపెట్టె తెరిచారు. లోపల స్క్రూ గేజి, కాలేజీ ల్యాబులో పిల్లల చేత తీగల మందం కొలిపించేది. దాన్ని చూడగానే నాకు ఆ చలి ఊరి ముసలాయన గుర్తొచ్చాడు. మళ్లీ ఒళ్లు మండింది.

ఆవిడ వెంటనే నన్ను కొలవలేదు. ముందు స్క్రూ గేజి దవడల్ని ఖాళీగా మూసి, కళ్లజోడు పైకి ఎత్తి చూశారు. "దీనికే ఒక గీత తప్పుంది. జీరో ఎర్రర్. నేను చెప్పే ప్రతి కొలతలోంచీ అది తీసేయాలి," అన్నారు. నన్ను అనుమానించడానికి ముందు తన గేజిని అనుమానించారావిడ. అలాంటి పని ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

తరవాత నా పన్నెండో రేకు విప్పి, అంకె కొట్టిన మొదలు దగ్గర దవడల మధ్య పెట్టారు. "పాయింట్ మూడు సున్నా మిల్లీమీటర్లు. పన్నెండు థౌలే." తరవాత కొస దగ్గరికి జరిపారు. మెరిసే కొస. నేను మురిసిపోయే కొస. దవడలు మూసుకుంటూ మూసుకుంటూ, నేను ఊహించినదానికన్నా చాలా లోపలికి వచ్చాయి.

"పాయింట్ రెండు మూడు," అన్నారు ఇందుమతి మేడమ్. "అంటే తొమ్మిది థౌలు. ప్రతి వాల్వూ మూడు థౌలు బిగుసుకుని ఉంది. రేపు ఇలాగే ఘాట్ ఎక్కితే రెండు మూడు వాల్వులు కాలిపోతాయి."

పైడిరాజును అనుమానించాను, నూకరాజును అనుమానించాను, రేడియోను కూడా అనుమానించాను. నా ఒంటి మీది అంకెను ఒక్కరోజూ అనుమానించలేదు. షెడ్డులో అబద్ధం ఆడుతున్నది నేనొక్కదాన్నే.

బల్ల మీది పెద్దమనిషి లేచి వచ్చాడు. "గేజి అరిగితే అరిగిందండీ. కానీ ఈయన చెవి పైడిరాజు కదా? అంత బిగుతుగా ఉంటే ఆ చెవికి తెలియొద్దూ? నిన్న ఏం విన్నాడు?" అన్నాడు.

ఇందుమతి మేడమ్ పైడిరాజుకు కనిపించేలా నన్ను పైకెత్తి, "గేజి అరిగిపోయిందండీ, అంతే. ఎవరికైనా జరుగుతుంది," అన్నారు. ఆవిడ దారి చూపిస్తున్నారు. అవునండీ, గేజి తప్పే, అని ఒక్క మాట అంటే అతని పేరు అతనికి మిగులుతుంది. అలాగే అంటాడని అనుకున్నాను. అన్నా అది అబద్ధం కాదు, తప్పు నిజంగా నాదే.

పైడిరాజు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "దాని తప్పు ఒక్కటే కాదు మేడమ్," అన్నాడు. "నా సెవులు పోయి రెండేళ్లయింది. కుడిదాన్లో అసలేటీ ఇనబడదు. ఎడందాన్లో ఎవులో దూరం నుంచి పిలిసినట్టుంటాది. నిన్న మీ బండి మాటాడిందో నేదో నాకు తెలీదు. సెయ్యెట్టి సూసి బాగున్నాదనుకున్నాను. ఇన్నాల్లూ సెప్పకుండా దాసేను. ఆ పేరు పోతాదని బయమేసింది."

అరవై ఏళ్ల మనిషి. చెప్పేటప్పుడు తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో అతనికి తెలియడం లేదు. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. ఆ గొంతు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఉక్కుకు ఏడుపేమిటని అడక్కండి.

నూకరాజు వచ్చి బావ ఎదురుగా నిలబడి, అలవాటు ప్రకారం ముఖంలోకి ముఖం పెట్టి అరిచాడు. "నీ సెవుల సంగతి నాకు మొదట్నించీ తెలుసు బావా! ఒచ్చినోల్ల మాటలన్నీ నీకు మల్లీ మల్లీ ఎందుకు సెప్పేవోన్ననుకున్నావు? ఆ రేకు అరగదీసింది మాత్రం నానే. ప్లగ్గులు గీకేసి, నువ్వు తిడతావని ఎమ్రీతో తోమీసీవోన్ని. ఇలాగవుతాదని నాకేటి తెలుసు!"

పైడిరాజు అతని పెదవుల్ని చివరిదాకా చూశాడు. "ప్లగ్గులు గీకడానికి నా ఫిల్లరేట్రా ఎదవా," అన్నాడు. అంతే అన్నాడు. ఆ తరవాత ఒక చెయ్యి బావమరిది భుజం మీద వేసి చాలాసేపు తీయలేదు. షెడ్డు మీద కన్నేశాడని నేను రెండేళ్లుగా తిట్టుకున్న మనిషి, బావ చెవిటితనం ఎవరికీ తెలియకుండా రెండేళ్లు తన గొంతు చించుకున్నాడు. నేను ఏం చూశానో, ఏం అర్థం చేసుకున్నానో తలుచుకుంటే నా రేకులన్నీ ముడుచుకుపోయాయి.

పెద్దమనిషి తన బండి ఎక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అతని వెనక ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా మానేశారు.

ఇందుమతి మేడమ్ వెళ్లలేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, "రేపు పొద్దున్న అయిదింటికి బయల్దేరాలి. పన్నెండు థౌలు ఎలా తెద్దాం?" అన్నారు. పైడిరాజు నన్ను తీసుకుని, ఎనిమిదో నంబరు రేకునూ నాలుగో నంబరు రేకునూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించాడు. ఆవిడ రెంటినీ కలిపి కొసల దగ్గర కొలిచారు. పాయింట్ మూడు సున్నా. నూకరాజు ఎప్పుడూ ముట్టుకోని రేకులవి, మసిబారి ఉన్నా నిజాయితీగా ఉన్నాయి. ఇంజన్ చల్లారేదాకా ముగ్గురూ బల్ల మీద కూర్చుని టీ తాగారు. ఆ తరవాత తొమ్మిది లెక్కతో మళ్లీ మొదటినుంచీ పని జరిగింది. ఈసారి ప్రతి వాల్వు దగ్గరా పైడిరాజు ఆవిడ వేళ్లకు కూడా నన్నిచ్చి, లాగి చూడమన్నాడు. స్టార్టు చేస్తే ఎనిమిది నోళ్లూ ఒకేసారి టకటకా కబుర్లు మొదలుపెట్టాయి. అది విని ఆవిడ నవ్వారు. పైడిరాజు ఆ నవ్వును చూశాడు.

ఆదివారం షెడ్డుకు సెలవు. అయినా పైడిరాజు వచ్చి తలుపు తీసి, పని లేకుండా కూర్చున్నాడు. ఫోను మోగినా తనకు వినబడదని నూకరాజును కూడా కూర్చోబెట్టాడు. ఫోను మోగలేదు. అది మంచికో చెడుకో ఇద్దరికీ తెలియలేదు. నన్ను బల్ల మీద విప్పి పెట్టి, మేకు మొనతో పన్నెండో రేకు మీది అంకెను అడ్డంగా గీకేశాడు. దాని కొస దగ్గర 9 అని గీశాడు. నొప్పి పుట్టలేదు. యాభై ఏళ్ల తరవాత నా ఒంటి మీద నిజం రాసి ఉండటం కాస్త కొత్తగా అనిపించింది.

సోమవారం పది గంటలకు వీధి మలుపులోనే టకటక వినిపించింది, నాకూ నూకరాజుకూ. నూకరాజు బావ భుజం తట్టి చెయ్యి చూపించాడు. ఎర్ర బండి ఒళ్లంతా అరకు ఎర్రమట్టితో వచ్చి ఆగింది. బండి ఎవరి సాయమూ లేకుండా ఘాట్ ఎక్కి దిగింది. ఇందుమతి మేడమ్ ఇంజన్ ఆపకుండా దిగి, బానెట్ ఎత్తి పక్కకు జరిగారు.

పైడిరాజు స్క్రూడ్రైవర్ తీశాడు. వీధిలో అందరూ చూస్తుండగా, దాచుకోకుండా, దాని పిడిని పళ్లతో కరుచుకుని మొనను ఇంజన్ మీద ఆనించాడు. చెవుల్లోంచి రానిది ఎముకల్లోంచి వస్తుందని ఇందుమతి మేడమ్ అంతకుముందే టీ తాగుతూ వివరించారు, అతను తనంతట తానే కనిపెట్టుకున్న సంగతి అది. వంగి, కళ్లు మూసుకుని, ఒక్కొక్కటే వింటూ వేళ్లు ముడుస్తూ పోయాడు. ఎనిమిది. కళ్లు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. అప్పటినుంచి అల్లిపురంలో కొందరు అతన్ని పళ్ల పైడిరాజు అంటున్నారు. విన్నా కోప్పడడు, వినబడదు కూడా.

నేను అనుకున్నాను, ఇక నా పని అయిపోయింది, మళ్లీ సొరుగే అని. కానీ అతను ఇంజన్ చల్లారేదాకా ఆగాడు. కవర్ విప్పాడు. తను విన్నది నిజమో కాదో చూసుకోవడానికి జేబులోంచి నన్ను తీశాడు. తీసి, ఇంజన్ దగ్గరికి పోకుండా బల్ల దగ్గరికి వచ్చాడు. ఇందుమతి మేడమ్ వదిలి వెళ్లిన స్క్రూ గేజి ఇప్పుడు అక్కడే ఉంటుంది. దాని దవడలు ఖాళీగా మూసి చూశాడు, ఒక గీత తీసేయాలని పెదవులు కదిపాడు. అప్పుడు ఎనిమిదో రేకునూ నాలుగో రేకునూ కలిపి దాని మధ్య పెట్టి, ముందు నన్ను కొలిచాడు.

ఈసారి నాకు ఒళ్లు మండలేదు.